బాపు జీపుకు జంగు: అతుకు వేయించాలా, మొత్తం విప్పించాలా?

నర్సంపేట దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినవారికి 46 ఏళ్ళు, హనుమకొండలో జూనియర్ కాలేజీ లెక్చరర్. పేరు, ఊరు వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి సారం మాత్రం ఇస్తున్నాను.

వాళ్ళ బాపు ఊళ్ళో ఎరువుల దుకాణం నడిపేవారు. ఆయనకు 1993 మోడల్ మహీంద్రా ఎంఎం 540 జీపు ఉంది, ఏపీ 36 నంబరుతో. వానాకాలమంతా వెనకాల యూరియా, పొటాష్ బస్తాలు, సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి, రెండేళ్ళకోసారి ఇంటిల్లిపాదితో మేడారం. దుకాణం మూసేసి ఏడేళ్ళయింది. అప్పటి నుంచి జీపు వేపచెట్టు కింద టార్పాలిన్ కప్పుకుని ఉంది. బాపుకు ఇప్పుడు 75 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, బండి నడపలేరు. కానీ పొద్దున్నే జీపు పక్కన కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటారు.

డ్రైవర్ కాళ్ళ దగ్గర ఫ్లోర్‌లో అరచేయంత చిల్లు పడింది. వెనక చక్రాల మీద కూర్చునే పెట్టెల అడుగు జల్లెడైంది. మడ్‌గార్డు అంచులు పొరలు పొరలుగా లేస్తున్నాయి. వెనక తలుపు అడుగు వేలితో నొక్కితే కరకరమంటోంది. ఇంజన్ మాత్రం కొత్త బ్యాటరీ పెట్టి, డీజిల్ మార్చి, డీజిల్ పైపుల్లోని గాలి తీయగానే స్టార్ట్ అయింది. ఆర్‌సీ గడువు 2023లో అయిపోయింది.

నర్సంపేటలో ఒక టింకరింగ్ మేస్త్రీ 40 వేలు, పది రోజులు అన్నారు. వరంగల్‌లో ఇంకో మేస్త్రీ బాడీ మొత్తం లేపాలి, లక్షా 80 వేలు, మూడు నెలలు, విప్పాక ఇంకా పెరగొచ్చు అన్నారు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తమ్ముడు, “ఈ రేకును పట్టుకుని ఏం చేస్తవన్నా, మండి డబ్వాలీ నుంచి కొత్త బాడీ తెప్పిద్దాం, వెడల్పు టైర్లు వేద్దాం, పైసలు నేను పెడతా” అంటున్నాడు. భార్య మాత్రం ఈ ఏడాది అమ్మాయి బీటెక్ ఫీజు గుర్తు చేస్తున్నారు. బాపును అడిగితే, “దాన్నెందుకు సతాయిస్తరు, ఉండనియ్యండి” అంటారు. ఇంతలో ఈయన ఇంట్లో ఎవరికీ చెప్పకుండా నర్సంపేట మేస్త్రీకి పది వేలు అడ్వాన్సు ఇచ్చేశారు. ఆ టెన్షన్‌తోనే ఉత్తరం రాశారు. ఇద్దరిలో ఎవరి మాట నిజం, సెంటిమెంటుకు ఇంత డబ్బు పోయడం మూర్ఖత్వమా, తమ్ముణ్ణి నొప్పించకుండా ఎలా, ఇవీ ప్రశ్నలు. వచ్చే మేడారం జాతరకు బాపును అందులోనే తీసుకెళ్ళాలని ఉందట. జీపుకు ఏ రంగు వేయించాలని కూడా చివర్లో అడిగారు.

సార్, మీ ఉత్తరంలో జంగు లెక్క ఒకటి, ఇంటి లెక్క ఒకటి కలగలిసిపోయాయి. ముందు జంగు సంగతి చూద్దాం. అది తేలకపోతే ఇంట్లో ఎవరితో మాట్లాడినా గాలిలో అంకెలే.

ఇద్దరు మేస్త్రీల్లో ఎవరూ అబద్ధం చెప్పలేదని నా నమ్మకం. 40 వేలు అన్నాయన కనిపించే జంగుకు ధర కట్టాడు. లక్షా 80 వేలు అన్నాయన కనిపించని జంగుకు కట్టాడు. ఫ్లోర్ మీది రబ్బరు మ్యాటు పూర్తిగా లేపి చూసినట్టు, బండి కిందికి దూరినట్టు మీరు ఇద్దరి గురించీ రాయలేదు. కాబట్టి రెండూ అంచనాలే.

మీ జీపు ఇంతగా తినేయడానికి కారణం వయసొక్కటే కాదు. ఇనుముకు నీళ్ళు, గాలి తగిలితే జంగు పడుతుంది. ఉప్పు తోడైతే ఆ పని చాలా వేగంగా సాగుతుంది. సముద్రం లేని మన వరంగల్‌లో జీపుకు ఉప్పు ఎక్కడిదంటే, మీ దుకాణంలోదే. పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, అదీ ఒక ఉప్పే. యూరియా గాలిలోని తేమను లాక్కుని చెమ్మగిల్లుతుంది. బస్తా ఎక్కడో చినిగి నాలుగు గింజలు రాలితే ఫ్లోర్ రేకు మడతల్లోకి, పెట్టెల మూలల్లోకి, బోల్టుల చుట్టూ చేరతాయి. పైన మ్యాటు, కింద చక్రాలు విసిరిన బురద. అక్కడ రేకు ఎండాకాలంలో కూడా పూర్తిగా ఆరి ఉండదు. దాని మీద ఏడేళ్ళు టార్పాలిన్! వాన పడకుండా కాపాడింది నిజమే, కానీ నేల నుంచి లేచే ఆవిరిని బయటికి పోనివ్వలేదు. వేపాకు రాలి నీళ్ళు పోయే రంధ్రాలు పూడుకుపోయి ఉంటాయి. ఏ నిర్ణయానికి వచ్చినా రాకపోయినా, ఆ టార్పాలిన్ మాత్రం ఈ ఆదివారం తీసేయండి.

అదే ఆదివారం ఒక పూట కేటాయిస్తే ఎవరి అంచనా దగ్గరగా ఉందో మీకే తెలుస్తుంది. మందపాటి స్క్రూడ్రైవర్, చిన్న సుత్తి, టార్చిలైటు, ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం చాలు. మ్యాటు, సీట్లు తీసేయండి. చీపురుతో ఊడ్చి, ఫ్లోర్ మీద ప్రతి జానెడుకూ స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. మొన జారిపోతే రేకు ఉన్నట్టు, దిగబడితే లేనట్టు. దిగబడిన చోటల్లా సుద్దముక్కతో గుండ్రం చుట్టండి. మీరు అరచేయంత చిల్లు అని రాశారు కానీ, దాని చుట్టూ మెత్తబడిన రేకు దానికి మూడింతలు ఉన్నా ఆశ్చర్యపోను. తర్వాత పక్క రేకుల మీద అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి నెమ్మదిగా జరపండి. పట్టు వదిలేసిన చోట రంగు కింద రేకు లేదు, లప్పం ఉంది. అంటే అక్కడ ఎప్పుడో పని జరిగింది.

ఆ పని ఎప్పుడు జరిగిందో బాపుకు తెలుసు. “బాపూ, బాగు చేయించమంటవా?” అని అడిగితే వద్దనే అంటారు. కొడుకు ఫీజుల కష్టంలో ఉన్నప్పుడు తన జీపు మీద ఖర్చు పెట్టించుకునే తండ్రి మన ఊళ్ళల్లో తక్కువ. “ఈ మూల ఎప్పుడు అతికించినవ్ బాపూ, అప్పుడేమైంది?” అని అడిగి చూడండి. ఎలాగూ కుర్చీ పక్కనే ఉంటుంది కదా. ఆయన చెప్పేదాంట్లో జీపు చరిత్ర దొరుకుతుంది, ఆయన మనసులో మాట కూడా బయటపడొచ్చు.

ఇక అసలు పరీక్ష కింద ఉంది. ఈ జీపులో బాడీ వేరు, ఛాసిస్ వేరు. బాడీ అనేది ఛాసిస్ మీద బోల్టులతో కూర్చున్న రేకుల తొట్టి. తొట్టి ఎంత తినేసినా మార్చుకోవచ్చు. బరువంతా మోసేది, స్టీరింగు, కమాన్ పట్టీలు (చక్రాల దగ్గర స్ప్రింగుల్లా పనిచేసే ఇనుప పట్టీలు) పట్టుకుని ఉండేది ఛాసిస్. జాకీ మీద ఎత్తి, కింద స్టాండులో దిమ్మెలో పెట్టాకే దూరండి. జాకీని ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి పోవద్దు. వెనక కమాన్ పట్టీలను ఛాసిస్‌కు తగిలించే హ్యాంగర్లు, అడ్డ పట్టీలు కలిసే చోట్లు, బాడీ బోల్టులు దిగే బ్రాకెట్లు, ఈ మూడూ ముఖ్యం. మట్టి గీకేసి సుత్తితో కొట్టండి. గట్టి ఇనుము ఠంగుమని మోగుతుంది. తినేసిన ఇనుము దబ్‌మని చప్పుడు చేసి, పెచ్చులు రాలుస్తుంది.

ఛాసిస్ మోగితే మీకు దారులు చాలా ఉన్నాయి, మిగతాదంతా రేకుల పనే. హ్యాంగర్ల దగ్గర పెచ్చులూడితే మాత్రం 40 వేల పని దండగ. రంగు వేసిన జీపు చూడ్డానికి బాగుంటుంది, మేడారం దారిలో గుంతలో పడితే హ్యాంగర్ ఊడొస్తుంది. అలాంటప్పుడు ఛాసిస్‌కు ప్లేటు వేసి బలం పెంచే పని ముందు జరగాలి. అది లారీ ఛాసిస్‌ల మీద పనిచేసిన చేయి చేయాల్సిన పని. ఛాసిస్ మార్చాల్సి వస్తే అది ఆర్టీఏ అనుమతితో ముడిపడ్డ వ్యవహారం, మేస్త్రీతో తేలేది కాదు.

ఛాసిస్ బాగుందనే అనుకుని మిగతాది చెప్తాను.

నర్సంపేట మేస్త్రీ చెప్పిన పద్ధతిలో చిల్లు మీద కొత్త రేకు ముక్క పెట్టి చుట్టూ వెల్డింగ్ చేస్తారు, లప్పం పూస్తారు, రుద్ది రంగు కొడతారు. పది రోజుల్లో అయ్యే పని ఇదే. చీము తీయకుండా పుండుకు కట్టు కట్టినట్టుంటుంది. పాత రేకుకూ కొత్త రేకుకూ మధ్య సందు ఉంటుంది, అందులో తేమ నిలుస్తుంది, వెల్డింగ్ వేడికి వెనక వైపు రంగు కాలిపోయి ఇనుము బయటపడుతుంది. ఒకటి రెండు వానాకాలాలు గడిచేసరికి రంగు కింద బుడగలు లేస్తాయి. ఇదే పనిని అమ్ముకునే ముందు చాలామంది చేయిస్తారు, ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది.

అంతమాత్రాన ఆ మేస్త్రీని వదిలేయమనడం లేదు. చేతిలో పని ఉన్నవాడికి కూడా అడిగేవాడు లేకపోతే అతుకుల పనే మిగులుతుంది. మీరిచ్చిన పది వేలకు పని మార్చి అడగొచ్చు. జంగు తిన్న రేకును కప్పకుండా, మెరిసే ఇనుము వచ్చేదాకా, అక్కడి నుంచి ఇంకో అంగుళం అవతలికి కోసేయాలి. 18 గేజ్ సీఆర్ రేకు (జింకు పూత లేని నున్నటి ఇనుప రేకు) వాడాలి. జింకు పూత ఉన్న జీఐ రేకు జంగు పట్టదు కదా అని కొందరు తెస్తారు, కానీ దాన్ని వెల్డింగ్ చేసేటప్పుడు జింకు పొగ లేస్తుంది, పీల్చినవాడికి రాత్రికి చలిజ్వరం వస్తుంది, అతుకూ శుభ్రంగా రాదు. పల్చటి రేకుకు సీఓటూ వెల్డింగ్ (కార్బన్ డయాక్సైడ్ వాయువు వదులుతూ సన్నటి తీగతో చేసేది) మేలు. ఆర్క్ వెల్డింగ్ చిల్లులు పొడుస్తుంది, గ్యాస్ వెల్డింగ్ వేడికి రేకు వంకర్లు పోతుంది. సీఓటూ అయినా ఒకే గీతగా లాగకుండా ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెడుతూ, చల్లారనిస్తూ పోవాలి. అయ్యాక పైనా కిందా రెండు వైపులా ఎపాక్సీ ప్రైమర్, అతుకుల మీద సీలెంట్. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. “చేస్తా, కానీ ఇంత అవుతుంది” అంటే మాట్లాడదగ్గ మనిషి. “అవన్నీ అక్కర్లేదు సార్, నేను చూసుకుంటా” అంటే మీ పది వేలలో ఎంత తిరిగొస్తుందో అడిగి, వచ్చింది తీసుకుని బయటపడండి. పోయే ఆ కొంత మీద బాధతో మిగతా 30 వేలు పోయకండి.

వరంగల్ మేస్త్రీ చెప్పినట్టు బాడీ లేపడం వల్ల ఛాసిస్ పైభాగం కూడా శుభ్రం చేసి రంగు వేయొచ్చు, ఫ్లోర్‌కు అడుగు నుంచి ప్రైమర్ పడుతుంది, కొత్త రబ్బరు ప్యాడ్లు పెట్టొచ్చు. పని పరంగా ఇదే మంచిది. దీని కష్టం వేరే ఉంది. ముప్పై ఏళ్ళ బోల్టులు విప్పితే సగం తెగుతాయి. ఒకటి విప్పితే ఇంకోటి బయటపడుతుంది. డబ్బు మధ్యలో ఆగిందా, పని ఆగుతుంది. వరంగల్, కరీంనగర్ ఏ షెడ్డుకు వెళ్ళినా మూలన ఒక బాడీ, ఇంకో మూలన దాని ఛాసిస్, మధ్యలో కోళ్ళు తిరుగుతూ కనిపిస్తాయి. పాత జీపులు జంగుతో పోయిన వాటికన్నా ఇలా సగం విప్పి వదిలేయడంతో పోయినవే ఎక్కువని నా అనుమానం. అమ్మాయి ఫీజు ఉన్న ఏడాదిలో ఈ దారి పట్టాలంటే లక్షా 80 వేలు కాదు, దాని మీద ఇంకో మూడో వంతు చేతిలో ఉందనుకుంటేనే దిగండి. డబ్బు ఒకేసారి ఇవ్వకుండా బాడీ లేపినప్పుడు కొంత, వెల్డింగ్ పూర్తయ్యాక కొంత, ప్రైమర్ చూశాక కొంత అని విడగొట్టండి. ప్రైమర్ మీద లప్పం పెట్టే ముందు మీరు స్వయంగా చూడాలన్న షరతు మరిచిపోవద్దు. లప్పం పడ్డాక లోపల ఏముందో దేవుడికే తెలుసు.

ఈ రెంటికీ మధ్యలో ఇంకో దారి ఉంది, మీ ఉత్తరంలో దాని ఊసు లేదు. బాడీ లేపకుండా, ఈ ఏడాది ఫ్లోర్, బాడీ బ్రాకెట్లు, సీట్లు బిగించే చోట్లు మాత్రమే పద్ధతిగా చేయించడం. మడ్‌గార్డులు, వెనక తలుపు వచ్చే ఏడాది. రంగు అన్నింటికన్నా చివర. అప్పటిదాకా జీపు ప్రైమర్ మచ్చలతో తిరుగుతుంది, చూసేవాళ్ళు నవ్వొచ్చు. కానీ మనుషులు కూర్చునే చోటు గట్టిగా ఉంటుంది, ఖర్చు రెండు మూడేళ్ళ మీద పడుతుంది, ఏ దశలో ఆపినా బండి బండిగానే ఉంటుంది. నష్టమేమిటంటే ఛాసిస్ పైభాగానికి చేయి అందదు, కూలి రెండుసార్లు పడుతుంది. నా మొగ్గు ఇటువైపే. అయితే జేబు మీది, ఓపికా మీదే. ఫ్లోర్ కోసే ముందు తలుపుల దారికి అడ్డంగా కడ్డీలు వెల్డింగ్ చేయించండి. అవి లేకుండా ఫ్లోర్ తీసేస్తే తొట్టి విచ్చుకుంటుంది, మళ్ళీ ఏ బోల్టూ దాని రంధ్రంలో కూర్చోదు.

తమ్ముడి మాటకు వద్దాం. హర్యానాలోని మండి డబ్వాలీ జీపు బాడీలకు పేరున్న ఊరే. కొత్త తొట్టి అచ్చంగా పాత ఆకారంలో, పాత కొలతల్లో వేయిస్తే దాన్ని మరమ్మతుగా చూపించుకునే వీలుందేమో ముందు ఆర్టీఏలో అడగండి, బిల్లులు దాచుకోవాలి. అతను చెప్పే వెడల్పు టైర్లు, మారిన ఆకారం మాత్రం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు తగులుతాయి. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఆర్‌సీకి భిన్నంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మీ ఆర్‌సీ గడువు అయిపోయి ఉంది. 15 ఏళ్ళు దాటిన సొంత బండికి ఐదేళ్ళకోసారి రిన్యువల్, అందుకు బండిని తనిఖీకి నిలబెట్టాలి. మారిన ఆకారంతో వెళ్తే అక్కడే ఆగిపోతారు. ఇది తమ్ముడికి చెప్పడానికి మంచి కారణం, ఎందుకంటే ఇందులో మీ ఇష్టం, అతని ఇష్టం అన్న గొడవ లేదు.

కానీ అతను పైసలు పెడతానంటున్నాడు, ఆ మాటను తోసేయకండి. దూరంగా ఉండే కొడుకు బాపు కోసం ఏదో చేయాలనుకుంటే వెడల్పు టైర్లే గుర్తొస్తాయి. ఆదివారం పరీక్ష వీడియో తీసి పంపండి, స్క్రూడ్రైవర్ దిగబడే చోట్లు చూపించండి. “ఫ్లోర్, బ్రాకెట్లు నీ వంతు తమ్మీ” అనండి. అతను ఒప్పుకుంటే జీపులో అతనికీ వాటా ఉన్నట్టే. రేపు ఎవరి దగ్గర ఉండాలన్న మాట కూడా వస్తుంది, దాన్ని బాపు ఉండగానే ఆయన నోటితో తేల్చుకోవడం మేలు. ఆర్‌సీ ఆయన పేరు మీద ఉన్నప్పుడు పేరు మార్పిడి సంతకాలతో అయ్యే పని. తర్వాతైతే వారసుల కాగితాలు తిరగాలి.

ఇంట్లో ఆవిడకు అడ్వాన్సు సంగతి చెప్పాలా అని మీరు నేరుగా అడగలేదు, కానీ ఉత్తరమంతా అదే ఉంది. చెప్పకపోతే, రేపు ఖర్చు పెరిగిన ప్రతిసారీ ఇంకో మాట దాచాలి. చెప్తే రెండు రోజులు ఇంట్లో వేడిగా ఉంటుంది. ఫీజు కట్టే తేదీ, దానికి పక్కన పెట్టిన డబ్బు ముందు చూపించి, ఆ తర్వాత పది వేల మాట ఎత్తితే ఆ వేడి తగ్గుతుందని నా లెక్క. ఆవిడ జీపు వద్దనలేదు, ఫీజు గుర్తు చేశారంతే.

ఈ ఏడాది ఏమీ చేయలేమని తేలితే, ఉన్నదాన్ని ఉన్నట్టు ఆపడం కూడా ఒక నిర్ణయమే. బాపు అన్న “ఉండనియ్యండి” అనే మాటకు ఇది దగ్గర. నీళ్ళు గట్టిగా కొట్టి ఎరువు, మట్టి అంతా కడిగేయండి. నీళ్ళ రంధ్రాలు పొడిచి తెరవండి. రెండు మూడు ఎండలు తగిలాక వైరు బ్రష్‌తో పెచ్చులు రాల్చి, ఫాస్ఫారిక్ యాసిడ్ ఉండే రస్ట్ కన్వర్టర్ పూయించి, పైన ప్రైమర్ కొట్టించండి. చెట్టు కింది మట్టి మీద నుంచి సిమెంటు గచ్చు మీదికి, నాలుగు వైపులా గాలి ఆడే రేకుల షెడ్డు కిందికి మార్చండి. చిల్లులు పూడవు, పెరగడం మాత్రం బాగా నెమ్మదిస్తుంది. బండి అడుగున తారు పూత (అండర్‌కోటింగ్) కొట్టిస్తే సరిపోతుందని ఎవరైనా అంటే వినకండి, జంగు మీద కొట్టిన తారు తేమను లోపలే బంధిస్తుంది. పాత ఇంజన్ ఆయిల్ పూసే అలవాటు లారీల వాళ్ళకు ఉంది. కొంత పనిచేస్తుంది, కానీ రబ్బరు బుష్‌లను పాడుచేస్తుంది, రేపు వెల్డింగ్ చేసేటప్పుడు అంటుకుంటుంది.

స్క్రాప్‌కు వేసే మాట మీరు ఎత్తలేదు, నేనూ సాగదీయను. అటు వెళ్ళాల్సి వస్తే గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికే ఇవ్వండి, ఆర్‌సీ రద్దయ్యేలా చూసుకోండి.

మేడారం కోరిక అడ్డు పెట్టుకుని మేస్త్రీని తొందరపెట్టొద్దు. వానల్లో గీకిన ఇనుము తెల్లారేసరికి ఎర్రబడుతుంది, రంగు తెల్లగా పాలిపోతుంది. దసరా దాటాక మొదలుపెడితే ఫ్లోర్, బ్రాకెట్ల పనికి పొడి వాతావరణం దొరుకుతుంది. జాతర మాఘంలో కాబట్టి రిన్యువల్‌కు, ఇన్సూరెన్సుకు, బ్రేకుల పనికి కూడా సమయం మిగలాలి. ఏడేళ్ళు ఆగిన బండి బ్రేకు సిలిండర్లను నమ్మి ములుగు, తాడ్వాయి అడవి దారిలో బాపును ఎక్కించుకుని వెళ్ళకండి. జాతరకు అందకపోతే జాతర కానప్పుడు వెళ్ళండి. గద్దెల దగ్గర మోకాళ్ళ నొప్పులున్న మనిషికి అప్పుడే సుఖం. ఆర్‌సీ రిన్యువల్ కాకుండా బండిని షెడ్డుకు కూడా నడుపుకుంటూ తీసుకెళ్ళొద్దు, ఇంకో వాహనం మీద ఎక్కించి పంపండి.

వెల్డింగ్ మొదలయ్యే రోజు మీరు అక్కడ ఉండండి. బ్యాటరీ వైర్లు తీయించండి, డీజిల్ ట్యాంకు దింపి దూరంగా పెట్టించండి. డీజిల్ తీసేశాం కదా అంటారు. ఖాళీ ట్యాంకులో ఆవిరి ఉంటుంది, నిండు ట్యాంకు కన్నా అదే ప్రమాదం. ఛాసిస్ మీద కొట్టిన నంబరు ఎక్కడుందో ముందే చూపించి, అక్కడ గ్రైండర్ ఆడించొద్దని చెప్పండి. రిన్యువల్‌కు దాని మీదే పెన్సిల్ ప్రింట్ తీస్తారు.

రంగు విషయం ఆర్‌సీలో ఏది రాసి ఉంటే అదే వేయించండి. వేరే రంగు కావాలంటే ఆర్టీఏలో నమోదు చేయించాలి. అసలు రంగు ఏ ఛాయో గుర్తు లేకపోతే డ్యాష్‌బోర్డు వెనక, గ్లవ్‌బాక్స్ లోపలి వైపు ఎండ తగలని చోట కొంచెం మిగిలి ఉంటుంది. ఆ ముక్కను పెయింట్ దుకాణానికి తీసుకెళ్తే కలిపి ఇస్తారు. హ్యాంగర్ల దగ్గర సుత్తి చప్పుడు ఎలా వచ్చిందో, ఫోటోలతో మళ్ళీ రాయండి.